పగలంతా మేసే నోళ్లు

మాండరిన్ చేపను గాజుతొట్టిలో చూసినవాళ్ల చూపు మొదట దాని రంగుల దగ్గరే ఆగిపోతుంది. ఆరేడు సెంటీమీటర్ల ఒళ్లు. ముదురు నీలం మీద నారింజ మెలికలు, బుగ్గల మీద పచ్చటి చారలు. చాలా చేపల్లో నీలం కనిపించడానికి కారణం చర్మంలోని సన్నటి పలకలు వెలుగును వెనక్కి పంపే తీరు. మాండరిన్ సంగతి వేరు. నీలి వర్ణకాన్ని మోసే కణాలే దాని చర్మంలో ఉన్నాయి. వెన్నెముక ఉన్న జీవుల్లో ఇది చాలా అరుదు. ఆ రంగు కోసమే ఫిలిప్పీన్స్, ఇండొనేషియా పగడపు దిబ్బల్లో దాన్ని పట్టి, ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో విమానం ఎక్కించి దేశదేశాలకు పంపుతారు. అలా ఇళ్లకు చేరినవాటిలో ఎన్నో కొన్ని నెలలు తిరక్కుండానే చనిపోతాయి. చాలాసార్లు వాటిని చంపేది ఆకలి. పక్క చేపలు కడుపునిండా తింటున్న తొట్టిలోనే అవి ఎండిపోతాయి.

"ఏం వేసినా ముట్టదు, మొండికేసింది" అంటారు తెచ్చుకున్నవాళ్లు. ఆ మాట ఎంత అన్యాయమో తెలియాలంటే తొట్టి ముందు కాసేపు కదలకుండా కూర్చోవాలి. మాండరిన్ నీళ్లలో అటూ ఇటూ ఈదుతూ తిరగడం తక్కువ. పొట్ట కింది రెక్కలను ఆనించి రాతి మీద దాదాపు నడుస్తుంది. బెత్తెడు దూరం వెళ్లి ఆగుతుంది. రెండు కళ్లూ వేర్వేరుగా తిరుగుతాయి, ఒకటి ముందుకు, ఒకటి కిందికి. రాతి మీద ఒకచోట చూపు నిలుస్తుంది. తల కాస్త వంగుతుంది. మరుక్షణం మూతి గొట్టంలా సాగి రాయిని తాకి వెనక్కి వచ్చేస్తుంది. ఏం తిన్నదో మన కంటికి ఆనదు. మళ్లీ కాస్త జరుగుతుంది, మళ్లీ చూస్తుంది, మళ్లీ పొడుస్తుంది. సరిగ్గా అప్పుడే మనం పైనుంచి వేసిన ఫ్లేక్ ముక్క దాని ముక్కు ముందు నుంచే తేలుతూ కిందికి దిగుతుంది. చేప అటువైపు చూడనైనా చూడదు.

అది తిండి అని దానికి తెలియదు మరి. సముద్రంలో పట్టిన మాండరిన్ల పేగులను కోసి చూసిన శాస్త్రజ్ఞులకు కనిపించినవి కోపెపాడ్‌లు, యాంఫిపాడ్‌లు అనే అతిచిన్న పెంకుజీవులు, సన్నటి పురుగులు, పిల్లనత్తలు, వేరే చేపల గుడ్లు. కోపెపాడ్ పొడవు చాలావరకు మిల్లీమీటరుకు లోపే. ఇవన్నీ రాతిని, ఇసుకను అంటిపెట్టుకుని బతికేవి. మాండరిన్ నోరు ఒక్కో పోటుకు ఒక్కో జీవిని ఏరడానికి తయారైంది. పొద్దున వెలుగు వచ్చినప్పటి నుంచి సాయంత్రం దాకా దాని పని అదే.

ఇంట్లో ఉప్పునీటి పగడపు తొట్టి పెట్టుకునేవాళ్లు ముందు తొట్టి కొంటారు, తర్వాత చేపను కొంటారు, ఆ తర్వాత తిండి సంగతి ఆలోచిస్తారు. ఈ వరస తిరగబడాలని నా గట్టి అభిప్రాయం. కొన్ని చేపల విషయంలో తిండి ముందు పుట్టాలి, తొట్టిలోనే పుట్టాలి, అది పెరిగి స్థిరపడ్డాక చేప రావాలి. ఎందుకో తెలియాలంటే చేప పేగు దగ్గర మొదలుపెట్టాలి.

కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో చేపలు పెంచే రైతుకు ఈ సంగతి అనుభవంలో ఉన్నదే. బొచ్చె, శీలావతి చేపలకు జీర్ణాశయం అనే సంచి లేదు. నోట్లోంచి దిగింది దిగినట్టు పేగులోకే పోతుంది. నిలవ చేసుకునే చోటు లేని చేప ఒక్కపూటలో కడుపు నింపుకుని రోజంతా ఉండలేదు. తవుడు, చెక్క కలిపిన మేతను అక్కడ చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, చెరువులో పాతిన కర్రలకు కట్టి వేలాడదీస్తారు. మేత వృథాగా అడుగుకు పోదు, చేపలకూ తీరిక దొరుకుతుంది. వచ్చి చిల్లుల దగ్గర మూతి పెట్టి కాస్త లాక్కుని తింటాయి, వెళ్తాయి, మళ్లీ వస్తాయి. పగడపు దిబ్బ కూడా అలాంటి మేత సంచే. ఎప్పుడు మూతి పెట్టినా కొంచెం దొరుకుతుంది, ఎప్పుడూ ఒక్కసారిగా కుప్పగా దొరకదు. సముద్రపు గుర్రానికీ జీర్ణాశయం లేదు, పళ్లు అసలే లేవు. రోజుకు ఒకసారి చిటికెడు గుళికలు వేసే ఇంట్లో అలాంటి చేపలు ఎలా బతుకుతాయి?

ఆకలి చేప ఒంట్లో వరసగా పని చేసుకుపోతుంది. ముందు కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్, కొవ్వు ఖర్చవుతాయి. ఆ తర్వాత కండ కరుగుతుంది. మాండరిన్ బాగా తింటున్నప్పుడు తల వెనక భాగం పైనుంచి గుండ్రంగా కనిపిస్తుంది. తిండి చాలనప్పుడు అక్కడ గుంట పడుతుంది, వెన్ను అంచు తేలుతుంది, పొట్ట లోపలికి పోతుంది. మన కంటికి ఇవి కనిపించేసరికి లోపల పేగు గోడ మీది ముడతలు కుంచించుకుపోయి, జీర్ణరసాలు తగ్గిపోయి ఉంటాయి. అప్పుడు తినడం మొదలుపెట్టినా ఒంటికి పట్టడం కష్టం. "నాలుగు రోజులు మాడిస్తే అదే తింటుంది" అనే సలహా దుకాణాల్లో తరచూ వినిపిస్తుంది. పెద్ద నోరు, సాగే కడుపు ఉండి ఎప్పుడో ఒకసారి పెద్ద ఎరను మింగే లయన్‌ఫిష్ లాంటి వేటచేపకు ఆ సలహా కొంతవరకు చెల్లుతుంది. రోజంతా ఏరుకు తినే చేపకు దాన్ని వర్తింపజేస్తే చంపినట్టే.

ఇక కన్ను. చేపకు తిండి అంటే ముందుగా ఒక కదలిక. కోపెపాడ్ నీళ్లలో నిలకడగా ఈదదు, చిన్న చిన్న గెంతులతో ముందుకు పోతుంది. దాని మీసాల మీది వెంట్రుకలకు నీటిలో వచ్చే అతిచిన్న కుదుపు కూడా తెలుస్తుంది. వేటగాడు దగ్గరికి వస్తున్నప్పుడు నీళ్లు ముందుకు నెట్టుకొస్తాయి కదా, ఆ అల తగిలిన కొన్ని మిల్లీసెకన్లలోనే అది తన ఒంటి పొడవుకు కొన్ని వందల రెట్ల దూరాన్ని సెకనులో దాటేంత వేగంతో ఎగిరిపోతుంది. అలాంటిదాన్ని, చేపల్లోకెల్లా నిదానంగా ఈదే సముద్రపు గుర్రం ఎలా పట్టుకుంటుంది? టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రాడ్ జెమ్మెల్, ఆయన సహచరులు 2013లో దీనికి జవాబు చెప్పారు. మరుగుజ్జు సముద్రపు గుర్రాలు ఎరను సమీపిస్తుండగా నీటి కదలికను హోలోగ్రఫీ పద్ధతిలో చిత్రించారు. ఆ గుర్రపు మూతి ఆకారం వల్ల సరిగ్గా ముక్కు పైభాగంలో ఒక చిన్న నిశ్చల ప్రదేశం ఏర్పడుతోంది. కోపెపాడ్ అక్కడ ఉన్నంతసేపు దానికి శత్రువు వచ్చినట్టే తెలియదు. అంత దగ్గరికి చేరితే చాలు. తల ఒక్కసారి పైకి విదిల్చి మిల్లీసెకనులోపే పీల్చేస్తుంది. కదలని నీళ్లలో నూటికి తొంభై ప్రయత్నాలు ఫలించాయి.

నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు అన్న మాట ముఖ్యం. పగడాలకు మేలు చేస్తుందని తొట్టిలో పంపులు గట్టిగా తిప్పితే ఇలాంటి చేప మూతి దగ్గరి ఆ నిశ్శబ్దం చెదిరిపోతుంది. మేత దాని ముందు నుంచే కొట్టుకుపోతుంది. తినని చేప గురించి ఎవరైనా చెబితే ఏం వేస్తున్నారని అడగడానికి ముందు పంపులు ఆపి వేస్తున్నారా అని అడగాలి. మన దేశంలో సముద్రపు గుర్రాలను 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం 1వ షెడ్యూలులో చేర్చారు, ఇంట్లో పెంచుకోవడం నేరం. కానీ వాటి నోటి మీద జరిగిన పరిశోధన ఏరుకు తినే చేపలన్నిటినీ అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది.

కదిలే తిండి కావాలి సరే, రోజూ ఎక్కణ్నుంచి తేవాలి? ఈ ప్రశ్నకు మొదటి జవాబు 1933లో వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్టైన్‌హార్ట్ ఆక్వేరియంలో పనిచేసిన ఆల్విన్ సీల్, ఉప్పుమడుగుల్లో పెరిగే ఆర్టీమియా అనే చిన్న రొయ్యజాతి జీవి పిల్లలు చేపపిల్లలకు మంచి మేత అవుతాయని ఆ ఏడు ప్రకటించాడు. కొన్నేళ్లకు నార్వేలో గున్నార్ రోలెఫ్సెన్ అదే సంగతి చూపించాడు. ఆర్టీమియా గొప్పదనం దాని గుడ్డులో ఉంది. నీళ్లు ఎండిపోయే కాలంలో అది పెట్టే గుడ్డులో పిండం ఎదుగుదల ఆపేసి, గట్టి పెంకులో నిద్రపోతుంది. గాలి, తేమ తగలకుండా డబ్బాలో మూసి ఉంచితే ఏళ్లు గడిచినా చావదు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న గ్రేట్ సాల్ట్ లేక్ ఒడ్డున తేలే ఈ గుడ్లను ఎత్తి, ఆరబెట్టి, డబ్బాల్లో ప్రపంచమంతటికీ పంపుతారు. భీమిలి నుంచి కాకినాడ దాకా మన తీరంలో ఉన్న రొయ్యల హేచరీల్లో ఆర్టీమియా డబ్బా తెలియని పనివాడు ఉండడు. రొయ్యపిల్ల తొలి రోజుల తిండి అదే.

హేచరీలో పెద్ద ట్యాంకులో జరిగేదాన్నే ఇంట్లో ఒక కూల్‌డ్రింక్ సీసాలో చేసుకోవచ్చు. సీసా అడుగు కోసి, తలకిందులుగా నిలబెట్టి, మూత గుండా గాలి గొట్టం పెడతారు. లీటరు నీళ్లకు పాతిక నుంచి ముప్పయి గ్రాముల ఉప్పు, అర చెంచా గుడ్లు, పైన ఒక లైటు. నీళ్లు 28 డిగ్రీల దగ్గర ఉండాలి, అందుకు మన ఊళ్లలో ఏడాదిలో చాలా నెలలు హీటరు అక్కర్లేదు. గాలి బుడగలు గుడ్లను అడుగున పేరుకోనివ్వకుండా తిప్పుతూ ఉంటాయి. ఇటుకరాయి రంగు పొడి మొదట కాసేపు పైన తేలుతుంది, నీళ్లు పీల్చుకున్నాక మునుగుతుంది. ఒక రోజు గడిచేసరికి సీసాలోని నీళ్లకు నారింజ ఛాయ వస్తుంది. అప్పుడు గాలి ఆపి పది నిమిషాలు వదిలేయాలి. ఖాళీ పెంకులు పైకి తేలతాయి. పొదగని గుడ్లు అడుగుకు చేరతాయి. వాటికి కొంచెం పైన అరమిల్లీమీటరు పిల్లలు గుంపుగా కదులుతుంటాయి. సీసా కింది భాగంలో టార్చి వెలుగు పెడితే ఆ గుంపంతా వెలుగుకేసి వస్తుంది. అక్కణ్నుంచి గొట్టంతో లాగి, సన్నటి గుడ్డలో వడకట్టి, మంచినీళ్లతో కడిగి తొట్టిలో వేస్తారు. పెంకులు మాత్రం తొట్టిలో పడనివ్వకూడదు. అవి అరగవు, చిన్న చేప పేగులో అడ్డం పడతాయి.

గాలిగొట్టం చివర నుంచి ఆ నారింజ మబ్బు తొట్టిలోకి విడిచినప్పుడు మాండరిన్‌లో వచ్చే మార్పు చూడాలి. అరగంటగా రాళ్లనే చూస్తున్న చేప తల ఎత్తుతుంది. నీళ్లలో తేలుతున్న పిల్ల మీద గురి పెడుతుంది. మొదటి పోటు తప్పినా రెండోది తప్పదు. "తినడం లేదు" అన్న ఫిర్యాదు ఆ పూటతో తీరిపోతుంది. అక్కడే ఎంతోమంది మోసపోతారు కూడా.

ఎందుకంటే ఆర్టీమియా పిల్ల పుట్టినప్పుడు తన గుడ్డులోని పచ్చసొన మీదే బతుకుతుంది. కొన్ని గంటలకు మొదటి కుబుసం విడిచేదాకా దానికి నోరు తెరుచుకోదు. ఆ సొన గంటగంటకూ కరుగుతుంది. ఒక రోజు ఆలస్యం చేస్తే అందులోని శక్తిలో దాదాపు నాలుగో వంతు పోతుంది. అంతకంటే పెద్ద లోపం ఇంకోటి ఉంది. సముద్రపు చేపల మెదడుకు, కళ్లకు డీహెచ్ఏ అనే కొవ్వు ఆమ్లం కావాలి. చాలా సముద్రపు చేపలు దాన్ని సొంతంగా చాలినంత తయారుచేసుకోలేవు, తిండిలోనే రావాలి. ఆర్టీమియాలో అది దాదాపు లేదు. ఉప్పుమడుగు జీవి అయిన దానికి ఆ అవసరం లేదు. అందుకే కుబుసం విడిచి నోరు వచ్చాక ఆ పిల్లలను చేపనూనె కలిపిన నీళ్లలో కొన్ని గంటలు ఉంచుతారు. అవి ఏది దొరికితే అది వడకట్టి మింగుతాయి కాబట్టి నూనె బిందువులతో కడుపు నింపుకుంటాయి, వాటిని తిన్న చేపకు ఆ నూనె చేరుతుంది. హేచరీల వాళ్లు రోజూ చేసే పని ఇది. ఇంట్లో చేసేవాళ్లు తక్కువ. ఉత్త ఆర్టీమియా మీద నెట్టుకొచ్చిన చేప రెండు మూడు నెలలు బాగానే కనిపించి ఆ తర్వాత క్షీణిస్తుంది.

కోపెపాడ్‌కు ఈ లోపం లేదు. సముద్రపు సూక్ష్మశైవలాలను తిని, డీహెచ్ఏను తన ఒంట్లో పుష్కలంగా నిలవ చేసుకుంటుంది. కాబట్టి అసలు దారి తొట్టినే కోపెపాడ్‌ల పొలంగా మార్చుకోవడం. దీనికి పునాది ఒక పాత ఆలోచనలో ఉంది. ఇండొనేషియాలో జకార్తాకు చెందిన లీ చిన్ ఇంగ్ 1961లో తన పద్ధతిని రాశాడు. రసాయనాలతో కడిగిన తెల్లటి పగడపు ఎముకలను అలంకారంగా పెట్టే రోజుల్లో ఆయన సముద్రంలోంచి జీవమున్న రాళ్లనే తెచ్చి తొట్టిలో పెట్టాడు. బాక్టీరియా, నాచు, పురుగులు, పెంకుజీవులు అన్నీ రాతితోపాటు వచ్చేశాయి. నీళ్లను అవే శుభ్రం చేశాయి. ఈనాటి పగడపు తొట్లు చాలావరకు ఆ ఆలోచన మీదే నడుస్తున్నాయి.

ఇప్పటివాళ్లు దానికి ఇంకో గది చేర్చారు. తొట్టి కింద అలమరలో ఉండే సంప్‌లో ఒక అరను చేపలు చేరకుండా వేరుచేసి, అందులో కీటోమార్ఫా అనే పీచునాచు పెంచుతారు. పై తొట్టిలో లైట్లు ఆరాక దీనిలో లైటు వెలుగుతుంది. నాచు చిక్కుల్లో కోపెపాడ్‌లు తినేవాళ్ల భయం లేకుండా పెరుగుతాయి. గుడ్ల సంచులు మోసే ఆడవి, వాటి పిల్లలు పంపు వెంట పైకి చేరుతుంటాయి. టిస్బే రకం రాళ్లను పాకుతుంది, టైగ్రియోపస్ కాస్త పెద్దది, ఎర్రగా కంటికే కనిపిస్తుంది. రకాన్ని బట్టి, వెచ్చదనాన్ని బట్టి ఒకటి నుంచి మూడు వారాల్లో ఒక తరం తయారవుతుంది. ఒక్క మాండరిన్ రోజంతా పొడుచుకు తింటున్నా వాటి సంఖ్య తరగకుండా ఉండాలంటే మూడు వందల లీటర్లకు తగ్గని తొట్టి, నిండుగా రాళ్లు, కనీసం ఆరు నెలలో ఏడాదో చేప లేకుండా గడిచిన కాలం కావాలన్నది అనుభవజ్ఞుల లెక్క. తొట్టి సిద్ధమైందో లేదో చూడ్డానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. రాత్రి లైట్లు ఆరిన గంట తర్వాత టార్చి వేసి అద్దానికి కళ్లు ఆనించి చూడాలి. తెల్లటి చుక్కలు గెంతుతూ అద్దం నిండా కనిపిస్తే పొలం పండినట్టు. నాలుగైదు కనిపిస్తే ఇంకా ఆగాలి.

మాండరిన్ రాయిని చూసి తింటే యాంథియాస్ నీటి ప్రవాహాన్ని చూసి తింటుంది. గులాబీ, నారింజ రంగుల్లో ఉండే ఈ చిన్న చేపలు దిబ్బ అంచున, ఎదురుగా వచ్చే నీళ్లలో వందలుగా నిలబడి, ప్రవాహం మోసుకొచ్చే జంతుప్లవకాలను ఒక్కొక్కటిగా పట్టుకుంటాయి. గ్రేట్ బారియర్ రీఫ్‌లో విలియం హామ్నర్ బృందం 1988లో చూపించినట్టు, గాలి తగిలే వైపు దిబ్బ ముందు నిలిచే ప్లవకాహార చేపలు పగటివేళ వచ్చే జంతుప్లవకాలను దిబ్బను చేరకముందే చాలావరకు ఖాళీ చేసేస్తాయి. అంత పోటీలో పుట్టిన చేప అది. ఫ్రోజెన్ మైసిస్ రొయ్యలను త్వరగానే అలవాటు చేసుకుంటుంది, కానీ రోజుకు ఒకసారి వేస్తే చిక్కిపోతుంది. మూడు నాలుగు సార్లు, కొంచెం కొంచెంగా వేయాలి.

మైసిస్ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ఫ్రోజెన్ మైసిస్‌లో కొంత కెనడాలోని ఒకనాగన్ సరస్సు నుంచి వస్తుంది. అక్కడి కోకనీ చేపలకు తిండి అవుతుందని 1966లో మైసిస్‌ను ఆ సరస్సులో వదిలారు. పగలు లోతుకు, రాత్రి పైకి తిరిగే మైసిస్ ఆ చేపలకు పెద్దగా దొరకలేదు. పైగా కోకనీ పిల్లలు తినే ప్లవకాలనే అది తినేసింది. చివరికి దాన్ని వలలతో పట్టి తీయడం మొదలుపెట్టారు. అలా తీసింది ఘనీభవించి, సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న హైదరాబాదు ఫ్లాట్లలోని చేపల దాకా వస్తోంది. చేపకు ఏది దగ్గరగా ఉంటే అది తింటుందన్న లెక్క పెద్ద సరస్సులో కూడా తప్పింది.

ఎక్కువసార్లు మేత వేయడంలో పెద్ద చిక్కు నీళ్లది. లెక్క వేసి చూద్దాం. సగం మాంసకృత్తులున్న ఒక గ్రాము పొడి మేతలో నత్రజని 0.08 గ్రాములు. చేప తిన్నా తినకపోయినా అందులో ఎక్కువ భాగం అమ్మోనియాగా నీళ్లలోకి వస్తుంది. బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. అంతా నైట్రేట్ అయితే మూడు వందల లీటర్ల తొట్టిలో లీటరుకు దాదాపు 1.2 మిల్లీగ్రాములు పెరుగుతుంది. తీసివేసే మార్గం లేకపోతే రోజుకో గ్రాముతో నెలకు 35 మిల్లీగ్రాములు. పగడపు దిబ్బల దగ్గరి సముద్రంలో అది సాధారణంగా ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. మేతతో వచ్చే ఫాస్ఫేట్ ఇంకో ఇబ్బంది, అది సున్నపు స్ఫటికాలు పెరగకుండా అడ్డుకుంటుంది. ఆస్ట్రేలియాలోని వన్ ట్రీ ఐలండ్ దగ్గర దిబ్బ మీద నత్రజని, భాస్వరం అదనంగా వదిలి చూసిన కిన్సీ, డేవిస్‌లు 1979లో సున్నం పేరుకునే వేగం బాగా పడిపోయిందని చెప్పారు. తినని చేపను బతికించబోయి వేసిన మేత పగడాలను చంపే ప్రమాదం ఇక్కడే ఉంది.

అలాగని చేపకు మేత, పగడానికి విషం అని గీత గీయడం కూడా సరికాదు. వెస్టిండీస్‌లోని సెయింట్ క్రోయ్ దీవి దగ్గర జూడీ మేయర్ బృందం 1983లో ఒక విషయం గమనించింది. గ్రంట్ అనే చేపల పిల్లలు రాత్రి సముద్రపు గడ్డి పెరిగే చోట్ల మేసి వచ్చి పగలంతా పగడాల మీద గుంపుగా విశ్రమిస్తాయి. వాటి విసర్జన వల్ల ఆ పగడాలకు అమ్మోనియం అందుతుంది. చేపలు చేరే పగడాలు చేరనివాటికంటే వేగంగా పెరిగాయి. అంటే సమస్య మేతలో లేదు, తినకుండా మిగిలిన మేతలో ఉంది. ఫ్రోజెన్ మేతను కరిగించి, వచ్చిన నీళ్లు పారబోసి, పిప్పెట్‌తో చేప ముందుకు వదలడం, మిగిలింది పావుగంటలో లాగేయడం, నీళ్లలోని మురికిని నురుగుగా పైకి తెచ్చే స్కిమ్మర్ నుంచి ఆ నురుగును రోజూ తీయడం, పెరిగిన నాచును కోసి పారేయడం, ఇవన్నీ ఆ లెక్కను దారిలో పెట్టే పనులే. నాచు కోసినప్పుడల్లా తొట్టిలోంచి కొంత నత్రజని, కొంత భాస్వరం శాశ్వతంగా బయటికి పోతాయి.

అలవాటు మార్చుకోగల చేపలూ ఉన్నాయి. వాటి దగ్గర ఓపిక ఫలిస్తుంది. కాపర్‌బ్యాండ్ అనే సీతాకోకచిలుక చేప పొడవాటి ముక్కుతో రాతి పగుళ్లలోంచి పురుగులను లాగి తింటుంది. నీళ్లలో తేలే ముక్క దానికి తిండిలా తోచదు, పగులులో ఉన్నది తోస్తుంది. అందుకే దానికి మొదటి రోజుల్లో ఆల్చిప్పను సగం తెరిచి, మాంసంతో సహా రాళ్ల మధ్య పెడతారు. చేప ముందు చుట్టూ తిరుగుతుంది. ఒక కన్ను పెట్టి లోపలికి చూస్తుంది. చిప్ప అంచు దగ్గర ముక్కు దూర్చి, చిన్న ముక్క తుంపి, నమిలి, ఉమ్మేస్తుంది. మళ్లీ తీసుకుంటుంది. ఉమ్మేయడం చూసి నిరాశ పడనక్కర్లేదు, రుచి చూస్తోందని అర్థం. రోజూ అదే చోట, అదే వేళకు చిప్ప పెడితే కొన్నాళ్లకు అది మన చేతి కోసమే ఎదురొస్తుంది. అప్పుడు తిన్న ఖాళీ చిప్పలోనే మైసిస్ నూరి అద్దాలి. చిప్పను నమ్మిన చేప అందులో ఉన్నదాన్ని నమ్ముతుంది. ఆ తర్వాత చిప్ప పక్కన కొన్ని మైసిస్ రాలనివ్వాలి. చివరికి చిప్ప తీసేయవచ్చు. వెల్లుల్లి రసం కలిపితే ఆకలి పుడుతుందని చాలామంది నమ్ముతారు. చిప్ప పద్ధతి మీద నాకున్న నమ్మకం దాని మీద లేదు.

కొత్త చేపను వచ్చిన రోజే టాంగ్, డామ్సెల్ లాంటి దూకుడు చేపలు ఏలుతున్న తొట్టిలో వదిలితే ఈ పాఠాలేవీ సాగవు. బెదిరిన చేప తినదు. చిల్లులున్న పారదర్శకమైన పెట్టెలో అదే తొట్టిలో వేలాడదీస్తే, మిగతావి తింటుంటే చూస్తుంది, తన తిండి తనకే మిగులుతుంది. తెల్లటి దారంలాంటి మలం కనిపిస్తే పేగులో పరాన్నజీవులున్నాయేమో చూడాలి. ఇక పట్టిన విధానం ఒకటి ఉంది. ఫిలిప్పీన్స్‌లో 1960ల నుంచి సోడియం సయనైడ్ చల్లి చేపలకు మత్తెక్కించి పట్టడం పాకింది. 1975లోనే అక్కడ చట్టం నిషేధించినా ఆగలేదు. బతికి బయటపడ్డ చేప అవయవాలు దెబ్బతిని ఉంటాయి. అలాంటి చేపకు ఎంత ఓపికగా చిప్ప తెరిచినా తినకపోవచ్చు.

ఎంత ఓపిక ఉన్నా తెచ్చుకోకూడని చేపలున్నాయి. షెవ్రాన్ సీతాకోకచిలుక చేప దాదాపుగా అక్రోపొరా పగడాల మెత్తటి కండ మీదే బతుకుతుంది. ఆ పగడం లేనిచోట ఆ చేప ఉండదు. మన దేశంలో రాతి పగడాలన్నీ 1వ షెడ్యూలులో ఉన్నాయి, దాని తిండి కోసం పగడం కొనడమే చట్టవిరుద్ధం. మూరిష్ ఐడల్ సముద్రంలో ఎక్కువగా స్పాంజీలు తింటుంది. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో'లో గిల్ పాత్ర ఆ చేపే. తెరమీద తొట్టిలో బతుకుతున్నట్టు చూపించినా, నిజం తొట్లలో అది బతకడం అరుదు. క్లీనర్ రాస్ కథ ఇంకా జాలి. ఆస్ట్రేలియాలోని లిజార్డ్ ఐలండ్ దగ్గర అలెగ్జాండ్రా గ్రట్టర్ లెక్కించినట్టు ఒక్కో చేప రోజుకు 1200 దాకా పరాన్నజీవులను ఇతర చేపల ఒంటి మీద నుంచి ఏరి తింటుంది. రోజంతా వరస కట్టే వందల ఖాతాదారుల దగ్గర దొరికేది, పది చేపలున్న తొట్టిలో దొరకదు. ఫ్రోజెన్ మేత పట్టుబడని క్లీనర్ రాస్ మిగతా చేపల ఒంటి జిగురును కొరకడం మొదలుపెడుతుంది. వాటి బతుకూ నరకమవుతుంది.

ఈ చిక్కులన్నిటికీ మంచి జవాబు హేచరీల్లోంచే వస్తోంది. అక్కడా అడ్డుపడింది తిండే. పగడపు దిబ్బల చేపల్లో చాలావాటి పిల్లలు పుట్టినప్పుడు వాటి నోరు ఎంత చిన్నదంటే ఆర్టీమియా పిల్ల పట్టదు. అంతకంటే చిన్నదైన రోటిఫర్ అనే జీవి కూడా కొన్నిటికి పెద్దదే. అప్పుడే పొదిగిన కోపెపాడ్ పిల్లలే పట్టేది. హవాయిలోని ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ 2015లో యెల్లో టాంగ్‌ను మొదటిసారి గుడ్డు నుంచి పెంచి పెద్దచేసింది కూడా కోపెపాడ్ పిల్లల మేతతోనే. గ్రూపర్ చేపపిల్లల దగ్గరా ఇదే సమస్య. విశాఖపట్నంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేంద్రం నారింజ చుక్కల గ్రూపర్ పిల్లలను ఉత్పత్తి చేయగలిగిందంటే తొలి వారం మేత సంగతి తేల్చుకున్నాకే.

మాండరిన్ కూడా ఈ దారిలోకి వచ్చింది. చీకటి పడే వేళ జంట చేపలు ఒకదానికొకటి ఆనుకుని నీళ్లలో పైకి లేచి గుడ్లు వదులుతాయి. గుడ్లు ఒక రోజులోపే పొదుగుతాయి. ఫ్లోరిడాలోని ఓఆర్‌ఏ సంస్థ 2010 ప్రాంతంలో అలా పెంచిన మాండరిన్లను, గుళికలు తినడం నేర్పి, అమ్మకానికి తెచ్చింది. పిల్లప్రాయంలో ఎదురుగా రాలే గుళికనే తిండిగా చూసి పెరిగిన చేప అది. అయినా దాని నోరు మారలేదు, పేగు మారలేదు. గుళిక తీసుకోవడానికి కూడా అది ఆగి, చూసి, తల వంచి, గురి పెట్టి పొడుస్తుంది. ఆలోపు పక్క చేప ఎత్తుకుపోతుంది. కాబట్టి దీనికీ కోపెపాడ్‌లు పండే రాళ్లు కావాలి, పోటీ లేని మూల కావాలి. కొనేటప్పుడు దుకాణంలో మేత వేయించి, తింటుంటే చూసి, పైనుంచి తల వెనక భాగం గుండ్రంగా ఉందో లేదో చూసుకున్నాకే డబ్బు ఇవ్వాలి.